జీతమా, సొంత పనా: పాలమూరు, నల్లగొండ యువతకు ఏ కేంద్రం ఎవరికి సరిపోతుంది?

ఉపాధి శిక్షణ అనగానే మనవాళ్లు మొదట అడిగేది ‘ఫ్రీయేనా?’ అని. ప్రభుత్వ డబ్బుతో నడిచే కేంద్రాలన్నీ దాదాపు ఉచితమే కాబట్టి, ఆ ప్రశ్న అడిగితే ఏది మంచిదో తేలదు. రెండో ప్రశ్న ‘సర్టిఫికెట్ ఇస్తారా?’ అందరూ ఇస్తారు. అడగవలసిన మాట వేరే ఉంది: సర్టిఫికెట్ చేతిలో పెట్టిన మర్నాటి నుంచి ఈ కేంద్రం నా కోసం ఏం చేస్తుంది? కొన్ని కేంద్రాలు కంపెనీ గేటు దాకా తీసుకెళ్తాయి, కొన్ని బ్యాంకు మేనేజరు టేబులు దాకా. ఇంకొన్ని గ్రూప్ ఫొటో దిగి పంపేస్తాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఉన్న దారులను ఈ లెక్కనే పోల్చి చూద్దాం.

అంతకన్నా ముందు ఇంట్లో కూర్చుని ఒక లెక్క వేసుకోవాలి. మీ సంపాదన లేకుండా ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుంది? ఒక్క నెల కూడా గడవదంటే జీతం వచ్చే దారే పట్టండి, వ్యాపారం రెండేళ్ల తర్వాతైనా పెట్టుకోవచ్చు. ఆరునెలలు ఎలాగోలా లాగగలమంటే సొంత పని గురించి ఆలోచించవచ్చు. కొత్తగా తెరిచిన షాపు మొదటి నెల నుంచే ఇల్లు నడపదు. ఈ లెక్క వేసుకోకుండా ‘సబ్సిడీ వస్తుందట’ అని దిగినవాళ్లే, లోను డబ్బుతో ఇంటి ఖర్చులు నడిపి, చివరికి షాపునూ నడపలేక, కిస్తీలూ కట్టలేక నిలబడిపోతారు.

జీతం వైపు దారులు

పదో తరగతి, ఇంటర్ దగ్గర చదువు ఆగిన గ్రామీణ పేద కుటుంబాల పిల్లలకు అందుబాటులో ఉన్న పెద్ద పథకం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. 2014లో మొదలైంది. మన రాష్ట్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఉన్న ఉపాధి కల్పన సంస్థ ఈజీఎంఎం దీన్ని చూస్తుంది. వయసు 15 నుంచి 35, మహిళలకు, దివ్యాంగులకు 45 దాకా సడలింపు. కనీసం మూడు నెలల శిక్షణ, హాస్టలు, భోజనం, యూనిఫాం అన్నీ వాళ్లవే. దీనికున్న అసలు బలం మరొకటి. శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలన్న షరతు శిక్షణ సంస్థ మీద ఉంటుంది. అందుకే వాళ్లు మీ వెంటపడి మరీ ఇంటర్వ్యూలకు తీసుకెళ్తారు.

బలహీనత కూడా అక్కడే ఉంది. లెక్క చూపించుకోవాలి కాబట్టి ఏదో ఒక ఉద్యోగంలో కూర్చోబెట్టే తొందర వాళ్లది, ఆ ఉద్యోగాలేమో ఎక్కువగా హైదరాబాద్‌లోనే. నెలకు 14 వేలు అన్నారనుకుందాం. ముగ్గురు కలిసి ఉండే గదిలో మీ వాటా 3 వేలు, తిండికి 4 వేలు, బస్సుకు, ఫోనుకు 1,500. మిగిలేది 5,500. అదే జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) ఒక ఫార్మా కంపెనీ 12 వేలే ఇస్తూ, మీ ఊరి రోడ్డు మీదుగా వెళ్లే బస్సు పెడితే, ఇంటి తిండి తింటూ 10 వేలు వెనకేసుకోవచ్చు. జీతం అంకె పెద్దదని మురిసిపోయే ముందు నెలాఖరుకు చేతిలో ఎంత మిగులుతుందో చూడండి. నల్లగొండ వైపు వాళ్లకైతే చౌటుప్పల్ పరిశ్రమలు, 2019లో ప్రారంభమైన దండు మల్కాపూర్ ఇండస్ట్రియల్ పార్కు, మిర్యాలగూడ రైస్ మిల్లులు ఇదే లెక్కలోకి వస్తాయి. కంపెనీ ఏదైనా ఒక్కటి అడగండి: నన్ను కంపెనీ తీసుకుంటుందా, కాంట్రాక్టరు తీసుకుంటాడా? పీఎఫ్ ఎవరి పేరుతో కడతారు? కాంట్రాక్టరు కింద చేరడం తప్పేమీ కాదు. తెలియకుండా చేరడమే చిక్కు.

ఐటీఐ చేసినవాళ్లు అప్రెంటిస్‌షిప్‌ను చిన్నచూపు చూస్తారు. నాకైతే ఇది అందరూ వదిలేసే మంచి దారి అనిపిస్తుంది. ఏడాది పాటు అసలైన యంత్రం ముందు నిలబడతారు, చివర్లో పరీక్ష రాస్తే జాతీయ స్థాయి సర్టిఫికెట్ వస్తుంది. 2019లో సవరించిన నిబంధనల్లో కనీస స్టైపెండ్ చదువును బట్టి నెలకు 5 వేల నుంచి 9 వేలుగా పెట్టారు. అది పూర్తయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం యాజమాన్యం మీద లేదు, ఆ సంగతి ముందే తెలుసుకుని చేరాలి. కానీ ‘అనుభవం ఉందా?’ అని అడిగే ప్రతిచోటా ఆ ఏడాది పనికొస్తుంది. అన్నట్టు, ఆర్టీసీ కూడా అప్రెంటిస్‌లను తీసుకుంటుంది.

డిగ్రీ, ఇంజినీరింగ్ వాళ్ల విషయంలో ఇంటిల్లిపాదికీ హైదరాబాద్ అమీర్‌పేటలోని కోచింగ్ సెంటర్లు తప్ప మరోటి తోచదు. అక్కడి కోర్సు ఫీజు, హాస్టలు ఖర్చు కలిపితే ఎకరం పత్తి మీద మిగిలేది దానికి చాలదు. ముందు కాలేజీ ద్వారా టాస్క్‌లో పేరు నమోదు చేయించుకోండి. ఇది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, విద్యార్థులకు కంప్యూటర్ కోర్సులు, ఇంటర్వ్యూ శిక్షణ ఇస్తోంది. మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలోనూ నల్లగొండలోనూ ఐటీ టవర్లు 2023లో ప్రారంభమయ్యాయి. అద్దాల మేడ చూసి ఊళ్లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికేసిందనుకోవద్దు. ఏ కంపెనీలు పనిచేస్తున్నాయో, కొత్తవాళ్లను తీసుకుంటున్నాయో లేదో ఒకరోజు వెళ్లి కనుక్కోండి. టాస్క్‌లో ఆరు నెలలు గట్టిగా కూర్చున్నాక, ఫలానా కోర్సు లేకపోవడం వల్లే ఉద్యోగం ఆగుతోందని తేలితే అప్పుడు అమీర్‌పేట బస్సెక్కండి. అంతకు ముందు కాదు.

జిల్లా ఉపాధి కల్పన కార్యాలయం అంటే కార్డు రెన్యువల్ చేయించుకునే చోటు అనే అభిప్రాయం పెద్దవాళ్లలో పాతుకుపోయింది. ఇప్పుడు అది జాబ్ మేళాలు పెడుతుంది. నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లోనూ, రాష్ట్రం నడిపే ఆన్‌లైన్ ఉద్యోగ వేదిక డీట్‌లోనూ డబ్బు కట్టకుండా పేరు నమోదు చేసుకోవచ్చు. మేళాకు వెళ్లండి, కానీ మేళా మీదే ఆశ పెట్టుకోకండి. రిజిస్ట్రేషన్ ఫీజనీ, డిపాజిట్ అనీ ఎవరైనా డబ్బు అడిగితే అక్కడి నుంచి లేచి రండి.

సొంత పని వైపు: ఆర్‌సెటీ

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే మన రెండు ఉమ్మడి జిల్లాల్లోనూ స్టేట్ బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ, అంటే ఆర్‌సెటీ ఉన్నా, దాని గురించి ఊళ్లలో తెలిసింది తక్కువ. కుట్టుపని నేర్పే చోటు అనుకుంటారు. ఈ నమూనా పుట్టింది కర్ణాటకలో, ధర్మస్థల దగ్గరి ఉజిరెలో, 1982లో. అక్కడి ట్రస్టు, రెండు బ్యాంకులు కలిసి పెట్టాయి. అది బాగా నడవడంతో 2009 నుంచి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ప్రతి జిల్లాకు ఒకటి ఉండాలని బ్యాంకులకు అప్పగించింది. బ్యాంకు నడపడమే దీని ప్రత్యేకత. శిక్షణ ఇచ్చేవాడూ అప్పు ఇచ్చేవాడూ ఒకే గొడుగు కింద ఉంటారు.

పాడి పశువుల పెంపకం పది రోజులు, మొబైల్ రిపేరు, ఇంటి వైరింగు, బ్యూటీ పార్లరు లాంటివి నెల, ఆ పైన. వసతి, భోజనం ఉచితం. సాధారణంగా 18 నుంచి 45 ఏళ్లవారిని తీసుకుంటారు, బ్యాచ్‌లో పాతిక, ముప్ఫై మంది. పని నేర్పడంతో పాటు వ్యాపారం ఎలా చేయాలో కూడా నేర్పడం దీన్ని మిగతావాటి నుంచి వేరు చేస్తుంది. మొదటి రోజుల్లో రింగు విసిరే ఆట ఒకటి ఆడిస్తారు. నేలమీద ఒక మేకు నిలబెట్టి, దూరం పెరిగే కొద్దీ మార్కులు పెరిగేలా గీతలు గీస్తారు. ఏ గీత మీద నిలబడి విసురుతావో, ఎన్ని మార్కులు తెస్తావో ముందే చెప్పాలి. కొందరు మేకు నెత్తిమీద నిలబడి వేసి రెండు మార్కులు తెచ్చుకుంటారు. కొందరు గోడ దగ్గరి నుంచి విసిరి సున్నా తెచ్చుకుంటారు. నవ్వులాటగా మొదలైనా, ఆట అయ్యాక శిక్షకుడు అడిగే ప్రశ్నలు నవ్వులాటగా ఉండవు: మొదటిసారి తప్పాక గీత మార్చావా? పక్కవాడు వేసింది చూశావా? ఎనిమిది లక్షల లోను కావాలని వచ్చినవాడు అక్కడే మూడు లక్షలకు దిగివస్తాడు.

తర్వాత మార్కెట్ సర్వేకు పంపుతారు. ఇది మొక్కుబడిగా చేస్తే మొత్తం శిక్షణ దండగే. ఉదాహరణకు మోటారు రీవైండింగ్ తీసుకోండి. బోర్ల మీద బతికే ప్రాంతం మనది. యాసంగిలో నీళ్లు అడుగంటి, వోల్టేజీ పడిపోయి మోటార్లు కాలుతూనే ఉంటాయి. కాబట్టి గిరాకీ ఉంటుందని ఎవరైనా చెబుతారు. సర్వే అంటే అంతటితో ఆగకూడదు. మీ ఊరు, చుట్టుపక్కల నాలుగు ఊళ్లు తిరిగి, నిరుడు ఎవరి మోటారు ఎన్నిసార్లు కాలింది, ఎక్కడికి తీసుకెళ్లారు, ఎంత తీసుకున్నారు, ఎన్ని రోజులకు ఇచ్చారు అని అడగాలి. మండల కేంద్రంలో ఇప్పటికే ముగ్గురు మెకానిక్‌లు ఉండవచ్చు. అయినా రైతు ఫిర్యాదు ధర గురించి కాక, వరి ఎండుతుంటే మోటారు నాలుగు రోజులు షాపులోనే ఉంచారన్న దాని గురించి అయితే మీకు చోటుంది. సీజన్‌లో రెండు స్పేర్ మోటార్లు అద్దెకిస్తూ రిపేరు చేసేవాడి దగ్గరికి రైతు వస్తాడు. సీజన్ కాని నెలల్లో ఏం చేస్తారన్నది కూడా అప్పుడే ఆలోచించాలి. ఫ్యాన్లు, మిక్సీలు, ఇంటి వైరింగు పని చేతిలో ఉంటే ఆ నెలలు గడుస్తాయి.

ఈ వివరాలు కాగితం మీద ఉంటే బ్యాంకులో మాట తీరే మారుతుంది. జిరాక్స్ సెంటర్లలో దొరికే ప్రాజెక్టు రిపోర్టులు మేనేజర్లకు కంఠతా వచ్చు. పేరు, ఊరు మారుతాయి, అంకెలు అవే. ‘మీ ఊళ్లో నెలకు ఎన్ని మోటార్లు కాలతాయి?’ అని అడిగితే, అలాంటి రిపోర్టు తెచ్చినవాడు దాన్ని రాసిచ్చినవాడికి ఫోను చేయాల్సి వస్తుంది.

శిక్షణ అయ్యాక రెండేళ్ల పాటు ఆర్‌సెటీ మిమ్మల్ని పట్టించుకోవాలి. ఫోను చేయడం, షాపుకు రావడం, లోను దగ్గర అడ్డంకి ఉంటే బ్రాంచితో మాట్లాడటం వాళ్ల పనిలో భాగమే. వాళ్లు చేయకపోతే మీరే చేయండి. అయితే ఆర్‌సెటీలో చేరినంత మాత్రాన లోను వచ్చినట్టు కాదు. మీ ఇంట్లో పాత పంట రుణం మొండిబకాయిగా ఉంటే ముందుగా ఆ సంగతి బ్రాంచిలో మాట్లాడుకోవాలి.

ఏ లోను ఎవరికి

చాలామంది తడబడేది ఇక్కడే. అన్ని పథకాలూ ఒకటేలా వినిపిస్తాయి, పైగా ఒకటి తీసుకుంటే మరొకటి మూసుకుపోవచ్చు.

పీఎంఈజీపీ అంటే సొంత యూనిట్ పెట్టేవారికి కేంద్రం సబ్సిడీ ఇచ్చే లోను పథకం. మొదటి లోను కొత్తగా పెట్టే యూనిట్‌కు మాత్రమే. ఇప్పటికే నడుస్తున్న షాపుకు ఇవ్వరు. తయారీ రంగానికి 50 లక్షలు, సేవా రంగానికి 20 లక్షల దాకా ప్రాజెక్టు ఉండవచ్చు. గ్రామాల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు, దివ్యాంగులకు 35 శాతం సబ్సిడీ, మిగతావారికి 25 శాతం. పట్టణాల్లో ఇది 25, 15 శాతం. మన మోటారు షాపు 3 లక్షల ప్రాజెక్టు, పెట్టేది గ్రామంలోని బీసీ యువకుడు అనుకుంటే, సొంతంగా పెట్టాల్సింది 5 శాతం, అంటే 15 వేలు. బ్యాంకు 2,85,000 ఇస్తుంది. సబ్సిడీ 1,05,000. ఈ లక్షా అయిదు వేలు చేతికి రావు. మూడేళ్ల పాటు బ్యాంకులో డిపాజిట్‌గా పడి ఉంటాయి, యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాక అప్పులో జమవుతాయి. డిపాజిట్‌కు వడ్డీ రాదు, అంత మేరకు అప్పుపైనా వడ్డీ వేయరు. అంటే నిజంగా మీ మీద ఉండే భారం 1,80,000. 11 శాతం వడ్డీతో అయిదేళ్లలో తీర్చాలంటే నెలకు 4 వేలకు దగ్గరగా పడుతుంది. ‘సబ్సిడీలో సగం నాకు, పని నేను చేయిస్తా’ అనే మధ్యవర్తి వచ్చినప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. చేతికి రాని డబ్బులో సగం అడుగుతున్నాడంటే అతను మీ జేబులోంచి తీసుకుంటాడన్నమాట.

పచ్చళ్లు, జొన్న రొట్టెలు, పల్లీ పట్టీ, పిండి మర లాంటి తిండి వ్యాపారమైతే చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం వైపు చూడండి. ఇందులో కులంతో, ఊరితో సంబంధం లేకుండా 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. ఓసీ కుటుంబం నుంచి వచ్చిన యువకుడికి పీఎంఈజీపీలో పట్టణంలో 15 శాతమే వస్తుంది, కాబట్టి ఇక్కడ తేడా చాలా పెద్దది. ఇప్పటికే నడుస్తున్న చిన్న యూనిట్‌ను పెంచుకోవడానికీ ఇస్తారు. సొంత వాటా మాత్రం 10 శాతం. వనపర్తి, గద్వాల వైపు పల్లీ చేతిలో పెట్టుకుని దాన్ని బస్తాల్లో అమ్మేస్తున్నవాళ్లు తప్పక ఆలోచించాల్సిన దారి.

చేతివృత్తివారికి 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ ఉంది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, క్షౌర వృత్తి, రజక వృత్తి, దర్జీ, తాపీ మేస్త్రి వంటి 18 వృత్తులు. తాకట్టు లేకుండా మొదట లక్ష, అది సక్రమంగా కడితే తర్వాత 2 లక్షలు, వడ్డీ 5 శాతం. శిక్షణ రోజుల్లో రోజుకు 500, పనిముట్లకు 15 వేలు. ఈ 18 వృత్తుల్లో చేనేత లేదు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట మగ్గాలవాళ్లు దీని కోసం తిరగడం వృథా, చేనేత జౌళి శాఖ కార్యాలయంలో అడగాలి. ఇక క్రమం సంగతి: గత అయిదేళ్లలో పీఎంఈజీపీ తీసుకున్నవారికి విశ్వకర్మ ఇవ్వరు. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర లోను తీసుకుని పూర్తిగా కట్టేసినవారికి అభ్యంతరం లేదు. అందుకే రెండు మిషన్లతో ఇంట్లోనే కుట్టే దర్జీకి విశ్వకర్మ చాలు, 5 శాతం వడ్డీకి మరోచోట అప్పు పుట్టడం కష్టం. నలుగురిని పెట్టుకుని స్కూలు యూనిఫాం ఆర్డర్లు పట్టాలనుకునేవాళ్లకు పీఎంఈజీపీ మేలు.

ముద్రలో సబ్సిడీ లేదు. శిశు 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. తాకట్టు అడగకూడదు. ఇప్పటికే నడుస్తున్న షాపుకు సరుకు కావాలంటే ఇదే సులువు. ముద్రకు ఊళ్లో ప్రత్యేకంగా ఏజెంట్లెవరూ ఉండరు, నేరుగా బ్యాంకుకే వెళ్లాలి.

రాష్ట్ర ప్రభుత్వం 2025లో రాజీవ్ యువ వికాసానికి దరఖాస్తులు తీసుకుంది. 50 వేల నుంచి 4 లక్షల దాకా అన్నారు. ఇలాంటివి వచ్చినప్పుడు దరఖాస్తు తప్పక పెట్టండి, కానీ దాన్ని నమ్ముకుని షాపు అద్దెకు తీసుకోకండి. పీఎంఈజీపీ విషయంలో కూడా ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కున్నాకే మిగతా పనులు మొదలుపెట్టండి.

యువ కేంద్రం, జలాల్‌పూర్

నెహ్రూ యువ కేంద్రాలు 1972 నుంచి ఉన్నాయి, ఇప్పుడు మేరా యువ భారత్ పేరుతో నడుస్తున్నాయి. యువజన సంఘాలు, ఆటల పోటీలు, యువ పార్లమెంటు, వలంటీరు పనులు. ఇక్కడ ఉద్యోగం దొరుకుతుందని వెళ్తే నిరాశే. కానీ పది మందిని కూడగట్టడం, కలెక్టరేటులో ఎవరిని కలవాలో తెలియడం, మైకు ముందు నోరు తెరవడం అలవాటవుతాయి. డిగ్రీ చదువుతూ చేరడానికి మంచిది, చదువు అయిపోయి ఇంట్లో కూర్చున్నాక ఆలస్యమే.

భూదాన్ పోచంపల్లి మండలం జలాల్‌పూర్‌లోని స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ వేరు. హాస్టలులో ఉంచి పని నేర్పుతుంది. ఇంటి దగ్గర ఉంటే పొలం పనులకు పిలుస్తారు, శిక్షణ సాగదు అనుకునేవాళ్లకు నప్పుతుంది.

ఆడపిల్లల విషయంలో హాస్టలు దగ్గరే చాలా ఇళ్లలో మాట ఆగిపోతుంది. ఆర్‌సెటీలు మహిళలకు ప్రత్యేక బ్యాచ్‌లు పెడతాయి, దగ్గరివాళ్లు రోజూ ఇంటికి వెళ్లి రావచ్చేమో అడగండి. తల్లి మహిళా సంఘంలో ఉంటే ముందు మండలంలో మహిళా సంఘాలను చూసే అధికారి, ఐకేపీ ఏపీఎంను కలవడం ఉత్తమం. కొత్త బ్యాచ్‌ల కబురు వాళ్లకు ముందే తెలుస్తుంది, పైగా ఏపీఎం చెబితే ఇంట్లో నాన్న కూడా వింటాడు.

చేరే ముందు కేంద్రంలో నిరుటి బ్యాచ్‌లోని ఇద్దరి ఫోను నంబర్లు అడగండి. ఇవ్వడానికి వెనకాడితే మీకు కావలసిన సమాధానం దొరికినట్టే. ఇస్తే ఫోను చేసి, ఇప్పుడు ఏం చేస్తున్నారు, మొదటి ఉద్యోగంలో ఎన్ని నెలలున్నారు, లోనుకు ఎన్నిసార్లు తిరిగారు అని అడగండి. కాగితాల్లో ఆధార్, రేషన్ కార్డు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, పదో తరగతి మెమో, బ్యాంకు పాసు పుస్తకం, ఫొటోలు చాలు. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, మెమోలో మరోలా ఉందేమో ఇప్పుడే చూసుకోండి. దాన్ని సరిచేయించుకోవడానికి పట్టే సమయంలో ఒక బ్యాచ్ దాటిపోతుంది.